ఎడ్వర్డ్ వెసాలా

ఎడ్వర్డ్ వెసాలా (1945 ఫిబ్రవరి 15 – 1999 డిసెంబరు 4) ఫిన్లాండ్‌కు చెందిన జాజ్ డ్రమ్మర్, స్వరకర్త, వాద్యబృంద నాయకుడు. అసలు పేరు మార్తి వెసాలా. 1960లలో రాక్, జాజ్ బృందాల్లో డ్రమ్స్ వాయిస్తూ మొదలై, 1970లలో నార్వే సాక్సఫోన్ విద్వాంసుడు యాన్ గార్బారెక్, పోలెండ్ ట్రంపెట్ విద్వాంసుడు తొమాష్ స్టాంకో, జర్మన్ సాక్సఫోన్ విద్వాంసుడు పీటర్ బ్రోట్స్‌మన్ వంటివారి పక్కన వాయించాడు. 1980ల మధ్యలో యువ వాద్యకారులతో ‘సౌండ్ అండ్ ఫ్యూరీ’ అనే బృందాన్ని కూర్చాడు. మ్యూనిక్‌లోని ఇ.సి.ఎం. సంస్థ విడుదల చేసిన ‘లూమి’, ‘ఓడ్ టు ది డెత్ ఆఫ్ జాజ్’, ‘ఇన్విజిబుల్ స్టార్మ్’, ‘నోర్డిక్ గ్యాలరీ’ ఆల్బమ్‌లు ఈ బృందం చేసినవే.

డ్రమ్మర్‌గా పేరుపడ్డా, వెసాలాను ముందు స్వరకర్తగానే చూడాలి. లయ నిలబెట్టే పనిని ఆయన తొలినాళ్లలోనే చాలావరకు పక్కన పెట్టేశాడు. డ్రమ్స్‌ను మేళంలోని మరో రంగుగా వాడుకున్నాడు. తన పాటలకు కావలసిన మేళం ఎక్కడా సిద్ధంగా దొరకకపోతే, కుర్రాళ్లను చేరదీసి ఏళ్ల తరబడి సాధన చేయించి దాన్ని తయారు చేసుకున్నాడు. అయితే ఆయన సంగీతంగా లోకానికి తెలిసినదంతా ఆయన ఒక్కడి చేతి పని కాదు. ఆయన భార్య, పియానో, హార్ప్ వాద్యకారిణి ఇరో హార్లా పాత్ర అందులో ఎంత ఉందో ఆయన మరణం తర్వాతే అందరికీ తెలిసివచ్చింది.

పుట్టిన చోటు, కాలం

వెసాలా పుట్టిన మాంత్యుహర్యు తూర్పు ఫిన్లాండ్‌లో, దక్షిణ సావో ప్రాంతంలో ఉంది. ఎటు చూసినా సరస్సులు, పైన్ అడవులు. ఆయన పుట్టేనాటికి సోవియట్ యూనియన్‌తో పోరు ఆగి అయిదు నెలలే అయింది. దేశపు ఉత్తర కొసన లాప్లాండ్‌లో జర్మన్ సేనలతో పోరు ఇంకా సాగుతూనే ఉంది. యుద్ధకాలంలో ఫిన్లాండ్ ప్రభుత్వం బహిరంగ నృత్యాలను నిషేధించింది. ఆ నిషేధం తొలగాక జనం నాట్యశాలల మీద విరుచుకుపడ్డారు. సరస్సుల ఒడ్డున చెక్కతో కట్టిన నృత్యవేదికల్లో వేసవి రాత్రులు టాంగో, వాల్ట్జ్, హుంప్పా మోగేవి. అర్జెంటీనా నుంచి యూరప్ మీదుగా వచ్చిన టాంగో ఫిన్లాండ్‌లో దిగులు స్వరాలు నింపుకుని దాదాపు జాతీయ సంగీతమైపోయింది. 1985 నుంచి సెయినయోకి పట్టణంలో టాంగో కోసమే ఏటా ఒక పెద్ద ఉత్సవం జరుగుతోంది.

ఈ నేపథ్యంలో ముఖ్యమైన వాద్యం అకార్డియన్. ఫిన్లాండ్‌లో ‘జాజ్’ అన్న పేరు మొదట ప్రచారంలోకి వచ్చింది కూడా అకార్డియన్ చుట్టూ కూర్చిన నృత్య సంగీతంతోనే. 1925లో మొదలైన ‘దల్లాపే’ బృందం ఆ బాణీకి దేశమంతటా పేరు తెచ్చింది. తర్వాతి తరం జాజ్ విద్వాంసులు దాన్ని పల్లెటూరి సరుకుగా చూసి అకార్డియన్‌ను దూరం పెట్టారు. వెసాలా 1980లలో సాక్సఫోన్లు, విద్యుత్ గిటార్ల మధ్య మళ్లీ అకార్డియన్‌ను కూర్చోబెట్టినప్పుడు బయటి దేశాల విమర్శకుల్లో కొందరికి అది చమత్కారంగా కనిపించింది. నిజానికి అది ఆ నేల మీది పాత శబ్దమే.

హెల్సింకీ, 1960లు

1960ల మధ్యలో వెసాలా హెల్సింకీలోని సిబేలియస్ అకాడమీలో సంగీత శాస్త్రం, ఆర్కెస్ట్రా తాళవాద్యాలు చదివాడు. అక్కడ జాజ్ విభాగం మొదలైంది 1983లో. కాబట్టి ఆయన నేర్చుకున్నది పాశ్చాత్య శాస్త్రీయ మేళంలో టింపనీ, గంటలు, సైలఫోన్ వాయించేవారి విద్య. ఆర్కెస్ట్రాలో తాళవాద్యకారుడు లయ మోస్తూ కూర్చోడు. పదుల కొద్దీ బార్లు (తాళ ఆవర్తాలు) మౌనంగా లెక్కపెట్టుకుని, సరిగ్గా ఒకచోట ఒక దెబ్బ వేస్తాడు. ఆ దెబ్బకు ఎంత బరువుండాలి, దాని మోత ఎంతసేపు నిలవాలి, ఎక్కడ చేత్తో నొక్కి ఆపాలి అన్నదే అతని విద్యంతా. వెసాలా తర్వాతి వాదనంలో ఈ క్రమశిక్షణ స్పష్టంగా వినిపిస్తుంది.

ఆయన హెల్సింకీలో కుదురుకునే సమయానికి అక్కడి జాజ్ రంగం కొత్తగా ఊపందుకుంటోంది. 1966 ఒక్క ఏడాదిలోనే పోరి పట్టణపు జాజ్ ఉత్సవం, ఫిన్లాండ్ జాజ్ సమాఖ్య, ‘లవ్ రికార్డ్స్’ సంస్థ మొదలయ్యాయి. లవ్ రికార్డ్స్ స్థాపకుల్లో ఒకడైన క్రిస్టియన్ ష్విండ్ట్ కూడా డ్రమ్మరే. జాజ్, రాక్, వామపక్ష ఉద్యమ గీతాలు ఒకే సంస్థ నుంచి, చాలాసార్లు ఒకే వాద్యకారుల చేతుల మీదుగా వెలువడేవి. చిన్న దేశం, వేళ్లమీద లెక్కపెట్టగల విద్వాంసులు. జాజ్ వాడు రాక్ వాయించకపోతే పూట గడిచేది కాదు. వెసాలా కూడా ‘సోల్‌సెట్’, ‘బ్లూస్ సెక్షన్’, ‘అపోలో’ బృందాల్లో వాయించాడు. అపోలో పేరుతోనే 1970లో ఒక ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్ వచ్చింది. వెసాలా పేరు మీద వచ్చిన తొలి ఆల్బమ్ ‘నానా’ కూడా అదే ఏడాదిది.

ఈ దశలోనే ఆయనకు సాక్సఫోన్, వేణు విద్వాంసుడు యుహాని ఆల్తోనెన్‌తో స్నేహం కుదిరింది. వయసులో పదేళ్లు పెద్దవాడైన ఆల్తోనెన్ దాదాపు పదిహేనేళ్ల పాటు వెసాలా రికార్డింగుల్లో ప్రధాన స్వరంగా నిలిచాడు. ఊపిరి సందడితో సహా వినిపించే బొంగురు టెనార్ సాక్సఫోన్ ఆయనది. ఆ గొంతును మనసులో పెట్టుకుని వెసాలా రాసిన బాణీలు చాలానే ఉన్నాయనిపిస్తుంది.

లయ వదిలిన డ్రమ్మర్

జాజ్‌లో డ్రమ్మర్ కుడిచేయి ఒక పెద్ద సింబల్ మీద ఎడతెగకుండా నడక వాయిస్తూ ఉంటుంది. ఎడమ కాలు రెండో దెబ్బకు, నాలుగో దెబ్బకు హై-హాట్ అనే సింబల్స్ జతను మూస్తుంది. మిగతావాళ్లంతా ఆ నడక మీద నమ్మకంతో వాయిస్తారు. 1960లలో న్యూయార్క్‌లో సనీ మరే, మిల్ఫర్డ్ గ్రేవ్స్, రషీద్ అలీ వంటివారు ఈ ఏర్పాటును కూలదోశారు. దెబ్బలు లెక్కకు అందకుండా అలలుగా, గుంపులుగా వచ్చాయి. దీన్నే ఫ్రీ జాజ్ డ్రమ్మింగ్ అన్నారు. వెసాలా ఈ దారిలోనే నడిచాడు. కానీ న్యూయార్క్ వారి సాంద్రత ఆయనలో తక్కువ. సింబల్‌ను మెత్తని కర్రతో మెల్లగా రాజేసి, ఆ మోతను పెరగనిచ్చి, అది తగ్గుముఖం పట్టే వేళకు టామ్ అనే డ్రమ్ మీద ఒకే ఒక్క బరువైన దెబ్బ వేసి ఊరుకోవడం ఆయన పద్ధతి. ఆ దెబ్బ తర్వాత వచ్చే ఖాళీలోకి సాక్సఫోన్ వచ్చి చేరుతుంది. అలాగని ఎప్పుడూ మెత్తగానే వాయించాడని కాదు. కోపం వస్తే గోడలు అదిరేలా వాయించగలడు. ఆయన ఆల్బమ్‌లలో ఈ రెండు స్వభావాలూ తరచు ఒకే పాటలో ఎదురుపడతాయి.

బయటి శ్రోతలకు ఆయన మొదట పరిచయమైంది గార్బారెక్ ‘ట్రిప్టికోన్’ ఆల్బమ్‌తో. 1972 నవంబరులో ఓస్లోలో చేసిన ఈ రికార్డింగ్‌లో ఉన్నది ముగ్గురే: గార్బారెక్, బాస్ మీద ఆరిల్ద్ అండర్సన్, డ్రమ్స్ మీద వెసాలా. గార్బారెక్ పక్కన అంతకుముందు మామూలుగా డ్రమ్స్ వాయించేవాడు యోన్ క్రిస్టెన్సన్. మెరుపులా, తేలిగ్గా వాయించే క్రిస్టెన్సన్ స్థానంలో వెసాలా కూర్చోగానే ఆ సంగీతమంతా మొరటుతేలి, మట్టివాసన పట్టింది. గార్బారెక్ ఆల్బమ్‌లలో ఇంత గరుకైనది మరొకటి వెతకడం కష్టం. చివరి పాట నార్వే జానపద వివాహ ప్రయాణ గీతం. ఆ తర్వాత గార్బారెక్ ఎంచుకున్న జానపద దారికి అది తొలి గుర్తుల్లో ఒకటి. మరుసటి ఏడాది వచ్చిన ‘హాట్ లొట్టా’లో వెసాలా, ఆల్తోనెన్‌లు జర్మన్ ఫ్రీ జాజ్ దిగ్గజాలు బ్రోట్స్‌మన్, బాసిస్టు పీటర్ కోవాల్డ్‌లతో తలపడ్డారు. అది గట్టి గుండె ఉన్నవాళ్లు వినాల్సిన రికార్డు.

స్టాంకోతో కలయిక ఇంతకంటే ఎక్కువ కాలం నిలిచింది. 1974 నుంచి 1978 దాకా వారిద్దరి పేరు మీద నడిచిన క్వార్టెట్ యూరప్ అంతా తిరిగింది. సాక్సఫోన్ మీద తొమాష్ షుకాల్‌స్కి ఉండేవాడు. బాసిస్టులు మారుతూ వచ్చారు. 1974లో వార్సాలో చేసిన ‘ట్వెట్’ పూర్తిగా ఆశువుగా వాయించిన ఆల్బమ్. 1975 డిసెంబరులో జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్‌లో ఇ.సి.ఎం. కోసం చేసిన ‘బల్లాదినా’లో బాసిస్టు డేవ్ హాలండ్ చేరాడు. స్టాంకో పేరు పశ్చిమ యూరప్‌లో స్థిరపడింది ఈ ఆల్బమ్‌తోనే. దాని చివర వచ్చే ‘నేనాలీనా’ వెసాలా కట్టిన బాణీ.

‘నాన్ మదోల్’

1974 ఏప్రిల్‌లో హెల్సింకీలోని ఆల్పి స్టూడియోలో రెండు రోజుల్లో రికార్డు చేసిన ‘నాన్ మదోల్’ వెసాలాను స్వరకర్తగా నిలబెట్టింది. ఇ.సి.ఎం. అనుబంధ సంస్థ ‘జాపో’ దాన్ని విడుదల చేసింది. నాన్ మదోల్ పసిఫిక్ మహాసముద్రంలోని పోన్‌పే ద్వీపం అంచున ఉన్న శిథిల నగరం. బసాల్ట్ రాతి స్తంభాలను దుంగల మాదిరి అడ్డంగా పేర్చి కట్టిన కృత్రిమ దీవులు, వాటి మధ్య కాలువలు. ఎవరు ఎలా కట్టారన్న దాని మీద ఎన్నో కథలున్న ఈ నగరం ఒక ఫిన్లాండ్ డ్రమ్మర్ ఊహకు అందడంలో వింత లేదు. తూర్పు దేశాల సంగీతం మీద, పాత నాగరికతల మీద ఆ తరం కళాకారులకు మోజు జాస్తి. వెసాలాకు అది జీవితాంతం ఉంది.

మేళం ఎంపికలోనే ఆయన తీరు బయటపడింది. డ్రమ్స్ చుట్టూ సాక్సఫోన్లు, వేణువులు ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు ఎలిజబెత్ లెయిస్తోలా హార్ప్, యుహాని పౌతానెన్ వయొలిన్, రొమేనియా నుంచి వచ్చిన మిర్చా స్టాన్ ట్రాంబోన్. ఆ తర్వాత ‘పీర్‌పౌకె’ బృందంతో పేరు తెచ్చుకున్న సకారి కుక్కో కూడా ఇందులో ఉన్నాడు. పియానో లేదు. జాజ్‌లో స్వరమేళనాన్ని పోగుచేసి పట్టుకునేది పియానో. దాన్ని తీసేసి, ఆ చోటులో హార్ప్ తీగల చినుకులు పడనిచ్చాడు.

తెలుగు శ్రోతలకు ఈ ఆల్బమ్‌లో ఓ పరిచయస్థుడు ఎదురవుతాడు. అమెరికన్ సాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ మరియానో ఇందులో ఆల్టో సాక్సఫోన్, వేణువులతో పాటు నాదస్వరం కూడా వాయించాడు. మన పెళ్లిళ్లలో, గుళ్లలో డోలుతో కలిసి మోగే ఆ నాదస్వరమే. దక్షిణ భారతంలో ఉండి దాన్ని నేర్చుకున్న మరియానో ఆ తర్వాత బెంగళూరులోని కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్‌తో కలిసి ‘జ్యోతి’ అనే ఆల్బమ్ కూడా చేశాడు. వెసాలా మేళంలో నాదస్వరం రాగం పాడదు, గమకాలు పలకదు. దాని గొంతులోని కరకుదనం కోసమే దాన్ని వాడారు. నాదస్వరం తెలిసిన చెవికి ఇది కాస్త ఇబ్బందిగానే అనిపించవచ్చు. అయినా ఆ కరకుదనం సాక్సఫోన్ల మధ్య కలిసిపోకుండా నిలబడిందన్నది నిజం.

1976 అక్టోబరులో ఓస్లోలో చేసిన ‘సాతు’ నేరుగా ఇ.సి.ఎం. ముద్రతో వచ్చింది. స్టాంకో, డెన్మార్క్ ట్రంపెట్ వాద్యకారుడు పాల్లే మిక్కెల్‌బోర్గ్, నార్వే గిటారిస్టు తెర్యే రిప్దాల్, స్వీడన్ బాసిస్టు పాల్లే డేనియల్సన్, ఆల్తోనెన్, షుకాల్‌స్కి ఇలా ఉత్తర యూరప్ జాజ్ ప్రముఖులంతా అందులో ఒకచోట చేరారు. అంతమంది ఘనులున్నా ‘నాన్ మదోల్’లోని వింత గాలి ఇందులో పలచబడింది. గొప్ప సోలోలున్నాయి. మేళం మాత్రం వెసాలా సొంత మేళంలా వినిపించదు.

లియో రికార్డ్స్

1970ల చివర్లో వెసాలా సొంతంగా ‘లియో రికార్డ్స్’ పెట్టాడు. లండన్‌లో లియో ఫైగిన్ 1979లో మొదలుపెట్టిన, సోవియట్ జాజ్‌ను పశ్చిమానికి చేరవేసిన లియో రికార్డ్స్ వేరు. రెండూ ఫ్రీ జాజ్ సంస్థలే, కాలమూ ఒకటే కావడంతో రికార్డుల జాబితాల్లో ఈ రెంటినీ కలిపేయడం ఇప్పటికీ జరుగుతూనే ఉంటుంది. ఇటు లవ్ రికార్డ్స్ 1979లో దివాలా తీసింది. ఫిన్లాండ్‌లో ఇలాంటి సంగీతానికి ఇల్లు లేకుండా పోతున్న సమయంలో ఈ చిన్న సంస్థ నిలబడింది. స్టాంకో ‘ఆల్మోస్ట్ గ్రీన్’, ఆల్తోనెన్ ‘స్ప్రింగ్‌బర్డ్’, అమెరికన్ సాక్సఫోన్ విద్వాంసుడు చికో ఫ్రీమన్ వంటివారితో వెసాలా చేసిన ‘హెవీ లైఫ్’, హెల్సింకీలోని గ్రూవీ క్లబ్‌లో బాసిస్టు రెజీ వర్క్‌మన్‌తో కలిసి వాయించిన ‘ప్రాణ’ దీని నుంచి వచ్చినవే.

లియో విడుదలల్లో భారతదేశంతో నేరుగా ముడిపడినది ఒకటుంది. 1980లో స్టాంకో ఒంటరిగా ట్రంపెట్ పట్టుకుని తాజ్‌మహల్‌లోను, మహారాష్ట్రలోని లోనావలా దగ్గర కార్లా గుహల్లోను వాయించి రికార్డు చేశాడు. తాజ్ గుమ్మటం కింద ఒక స్వరం ఊదితే అది చాలా సెకన్ల పాటు తిరుగుతూనే ఉంటుంది. కార్లాలోని బౌద్ధ చైత్యం కొండను తొలిచి చేసిన దీర్ఘమైన కమాను గది. అక్కడి ప్రతిధ్వని పోకడ వేరు. స్టాంకో ఒక స్వరం పలికి, అది తిరిగొచ్చే దాకా ఆగి, దాని మీద మరో స్వరం పేరుస్తాడు. వెసాలా ఇందులో వాయించలేదు. కానీ మోత తగ్గేదాకా ఆగడం అన్న ఆయన పాఠమే ఈ ఆల్బమ్ మొత్తం.

1980ల తొలి సగంలో వచ్చిన ‘మౌ మౌ’, ‘బ్యాడ్ లక్, గుడ్ లక్’, ‘కుల్లెర్వో’లను ప్రయోగాల కాలంగా చూడవచ్చు. కుల్లెర్వో ఫిన్లాండ్ జాతీయ కావ్యం ‘కలెవల’లో బానిసగా పెరిగి, పగతో రగిలి, చివరికి తన కత్తి మీదే పడి చనిపోయే యువకుడు. సిబేలియస్ 1892లోనే ఈ కథ మీద పెద్ద సింఫనీ రచన చేశాడు. ఫిన్లాండ్ స్వరకర్త ఎవరైనా కుల్లెర్వోను ముట్టుకుంటే ఆ నీడ పడక తప్పదు.

సౌండ్ అండ్ ఫ్యూరీ

1980ల మధ్యకు వచ్చేసరికి వెసాలాకు పేరున్న విద్వాంసులను పోగుచేసి రెండు రోజుల్లో రికార్డు చేసే పద్ధతి మీద మోజు పోయింది. తన దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లతోనే మేళం కట్టాడు. అలా పుట్టింది సౌండ్ అండ్ ఫ్యూరీ. అది కచేరీల బృందమే కాదు, పాఠశాల కూడా. ఒక్కో పాటను చాలా కాలం సాధన చేసేవారు. ఎవరెక్కడ ఊపిరి తీసుకోవాలి, ఒక స్వరం ఎంత పలచగా మొదలవ్వాలి అన్నంత దాకా చర్చ సాగేది. సిబేలియస్ అకాడమీలో అప్పటికే జాజ్ విభాగం వచ్చేసింది. అక్కడ పట్టా తీసుకునే బదులు ఈ శిష్యరికానికి వచ్చినవారు, రెండు చోట్లా చదివినవారు ఉన్నారు.

1986 జూన్‌లో హెల్సింకీలోని ఫిన్‌వాక్స్ స్టూడియోలో రికార్డైన ‘లూమి’ ఈ పద్ధతికి దక్కిన తొలి ఫలం. వెసాలా ఆల్బమ్‌లలో అన్నింటికంటే మిన్న ఇదే అన్నది చాలామంది విమర్శకుల మాట. ఈ వ్యాసకర్తదీ అదే మాట. ఇందులో పది మందికి పైగా వాయించారు. సాక్సఫోన్లు, ట్రంపెట్, టామ్ బిల్డో ట్రాంబోన్, ట్యూబా, తైతో వైనియో అకార్డియన్, రౌల్ బ్యోర్కెన్‌హైమ్ గిటార్, హార్లా హార్ప్. అంతమంది ఉన్నా ఎక్కువ సేపు ఇద్దరు ముగ్గురే వినిపిస్తారు. ‘ఫ్రోజెన్ మెలొడీ’లో స్వరాలు దాదాపు కదలవు. కదిలేది వాటి రంగు మాత్రమే. ఒక వాద్యం ఆగిన చోట మరొకటి అదే ఎత్తులో అందుకుంటుంది. ‘కాలిప్సో బల్బోసా’ ఉత్తరాది తేమ అడవుల్లో అరుదుగా పూసే ఒక ఆర్కిడ్ శాస్త్రీయ నామం. వెసాలా తన పాటలకు పేర్లు పెట్టడంలో ఇలాంటి అల్లరి చేసేవాడు. ‘ఫింగో’ ఫిన్లాండ్ టాంగోకు ఆయన చేసిన పలకరింపు. వెక్కిరింతా, ముద్దూ రెండూ అందులో ఉన్నాయి. నృత్యవేదిక మీద మోగే అకార్డియన్ సోకు అలాగే ఉంటుంది. దాని కింద నేల మాత్రం అటూ ఇటూ ఊగుతుంది. ‘ది విండ్’ పాట ‘నాన్ మదోల్’ నుంచి, ‘టుగెదర్’ పాట ‘సాతు’ నుంచి తిరిగి వచ్చాయి. పాత బాణీలను మళ్లీ మళ్లీ కొత్త మేళానికి కట్టుకోవడం ఆయనకు అలవాటు.

ఇరో హార్లా

1956లో పుట్టిన హార్లా సిబేలియస్ అకాడమీలో పియానో చదివింది. 1970ల చివర్లో వెసాలాతో పరిచయం ఏర్పడ్డాక ఆమె తన సొంత వృత్తిని దాదాపు పూర్తిగా పక్కన పెట్టి ఆయన సంగీతంలోకి వచ్చేసింది. హార్ప్ ఆ తర్వాతే చేతికి వచ్చింది. ఆల్బమ్‌ల వెనుక ఆమె పేరు పియానో, హార్ప్, కీబోర్డుల పక్కన కనిపిస్తుంది. జరిగిన పని అంతకంటే చాలా పెద్దది. వెసాలా మనసులో మెదిలిన బాణీని, పోకడను ఆమె కాగితం మీద స్వరాల్లో పెట్టేది. దానికి స్వరమేళనం కూర్చేది. ఏ వాద్యానికి ఏ వరస అన్నది పంచేది. లూమి నుంచి నోర్డిక్ గ్యాలరీ దాకా శ్రోతలు ‘వెసాలా రంగు’ అని పిలిచిన దానిలో, అంటే ఆ గాలిలో వేలాడే మంద్ర స్వరసమూహాలు, హార్ప్ కింద నుంచి లేచే ట్రాంబోన్లు వంటి వాటిలో, ఆమె చేయి ఎంత, ఆయన చేయి ఎంత అని విడదీయడం సాధ్యం కాదు.

ఇది జాజ్‌లో కొత్త కథ కాదు. అమెరికన్ వాద్యబృంద నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ పేరు మీద చలామణీ అయిన సంగీతంలో ఆయన సహ స్వరకర్త బిల్లీ స్ట్రేహార్న్ వాటా తేలడానికి దశాబ్దాలు పట్టింది. స్ట్రేహార్న్ పేరు కనీసం స్వరకర్తగా కొన్ని పాటల పక్కనైనా ఉండేది. హార్లాకు అదీ అరుదే. ఆమె మీద వెసాలా ఒత్తిడి ఎంత, ఆమె ఇష్టం ఎంత అన్నది బయటివాళ్లు తీర్పు చెప్పగల విషయం కాదు. రికార్డుల మీది పేర్ల జాబితా మాత్రం అసంపూర్ణం. ఈ ఆల్బమ్‌ల గురించి రాసేవారు ఇప్పుడైనా ఇద్దరి పేర్లూ కలిపి చెప్పడం న్యాయం.

ఆఖరి దశాబ్దం

1989లో రికార్డైన ‘ఓడ్ టు ది డెత్ ఆఫ్ జాజ్’ పేరులోనే తగవు పెట్టుకుంది. 1980లలో అమెరికాలో ట్రంపెట్ విద్వాంసుడు వింటన్ మార్సాలిస్ తరం సూట్లు తొడుక్కుని 1950లు, 60ల శైలులను మళ్లీ పీఠమెక్కించింది. జాజ్ మ్యూజియం వస్తువైపోతోందని వెసాలా మండిపడ్డాడు. ఆల్బమ్‌తో పాటు తన వాదన కూడా ఘాటుగా రాసి అచ్చువేయించాడు. సంగీతం మాత్రం ఆ కోపం కంటే మెరుగ్గా ఉంది. టిమ్ ఫెర్కెన్ మరింబా, వైనియో అకార్డియన్, జిమి సుమేన్ గిటార్ల మధ్య ఒక వీధి సర్కస్ లాంటి గందరగోళం, వెంటనే ఒక శోకగీతం. 1991 నాటి ‘ఇన్విజిబుల్ స్టార్మ్’ ఇంకా చీకటిగా, ఇంకా విరిగిపోయినట్టుగా ఉంటుంది. 1993–94లో రికార్డైన ‘నోర్డిక్ గ్యాలరీ’లో వెసాలా డ్రమ్స్‌తో పాటు బాస్, అకార్డియన్, ఇండోనేషియా వెదురు వాద్యం ఆంగ్‌క్లుంగ్, మన తంబూరా కూడా పట్టాడు. ముందువాటి కంటే ఇది చెదురుమదురుగా ఉంది. కొన్ని పాటలు ముగిసే ముందే విసుగు తెప్పిస్తాయి. కొన్ని మాత్రం లూమికి సాటి వస్తాయి.

ఆ తర్వాత ఆయన కొత్త ఆల్బమ్ రాలేదు. 1999 డిసెంబరు 4న నైరుతి ఫిన్లాండ్‌లోని యులానేలో గుండె వైఫల్యంతో మరణించాడు. అప్పటికి వయసు 54.

తర్వాత

సౌండ్ అండ్ ఫ్యూరీలో తయారైనవారు ఒక్కో దారి పట్టారు. తపానీ రిన్నె 1988లోనే ‘రిన్నెరేడియో’ పెట్టి సాక్సఫోన్‌ను ఎలక్ట్రానిక్ సంగీతంతో కలిపాడు. బ్యోర్కెన్‌హైమ్ ‘క్రకటావ్’ బృందంతో ఇ.సి.ఎం.కే రెండు ఆల్బమ్‌లు చేశాడు. వాళ్ల సంగీతంలో ఏదీ వెసాలా సంగీతంలా వినిపించదు. గురువు నుంచి వాళ్లు నేర్చింది శైలి కాదు, పని చేసే తీరు. శైలి ప్రభావం కోసం నార్వే వైపు చూడాలి. సాక్సఫోన్ విద్వాంసుడు త్రూగ్వే సెయిమ్ చేసిన ‘డిఫరెంట్ రివర్స్’లో గాలివాద్యాలు నిదానంగా ఊపిరి పీల్చి వదిలే పద్ధతి లూమి దారిదే. వెసాలా తనకు స్ఫూర్తి అని సెయిమ్ చెప్పుకున్నాడు కూడా.

ఆ సెయిమే తర్వాత హార్లా బృందంలో చేరాడు. 2005లో ఇ.సి.ఎం. విడుదల చేసిన ‘నార్త్‌బౌండ్’ ఆమె పేరుతో ఆ సంస్థ నుంచి వచ్చిన తొలి ఆల్బమ్. సెయిమ్‌తో పాటు ట్రంపెట్ మీద మథియస్ ఐక్, బాస్ మీద ఉఫే క్రోక్‌ఫోర్స్, డ్రమ్స్ మీద యోన్ క్రిస్టెన్సన్ వాయించారు. 1972లో ఎవరి కుర్చీలో వెసాలా కూర్చున్నాడో ఆ క్రిస్టెన్సనే. 2011లో ‘వెస్పర్స్’, 2016లో సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన ‘ఆంతే లూకెమ్’ వచ్చాయి. ఈ మూడూ విన్న తర్వాత వెనక్కి వెళ్లి లూమి వింటే, అందులో వినిపించే కొన్ని గొంతులు ఎవరివో కొత్తగా తెలుస్తుంది.

వెసాలాను మొదటిసారి వినబోయేవారు ‘హాట్ లొట్టా’తోనో ‘ఇన్విజిబుల్ స్టార్మ్’తోనో మొదలుపెడితే పారిపోయే ప్రమాదం ఉంది. లూమి ముందు వినడం మేలు. ఆ తర్వాత ‘బల్లాదినా’ వింటే ఆయన డ్రమ్మర్‌గా ఏమిటో, ఖాళీని ఎలా వాడుకుంటాడో విడిగా అర్థమవుతుంది. ‘నాన్ మదోల్’, లూమి రెండింటిలోనూ ఉన్న ‘ది విండ్’ను వెంటవెంటనే వినవచ్చు. మధ్యలో ఉన్నవి పన్నెండేళ్లు. మొదటిది అప్పటికే జాజ్‌లో పేరున్నవాళ్లు కూడా కలిసి వాయించినది, రెండోది ఎక్కువగా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు వాయించినది.